నవ్వు షాటు

చొక్కా విప్పి, భిక్షం దెబ్బలు తగలకుండా వీపుకూ పక్కలకూ కొబ్బరిపీచు పట్టీ కట్టుకుంటున్నాడు. సన్నని నల్లని దేహం. ఎడమ పక్కటెముకల మీద గుంట. ఏదో యుద్ధం సినిమాలో గుర్రం తన్నిన చోటు. చచ్చిపడటం అతడి వృత్తి. ఎప్పుడూ బోర్లాపడటమే గనుక తెరమీద అతడి ముఖం ఎన్నడూ కనబడలేదు. సినిమా చూసి యూసుఫ్‌గూడలో ఇంటికి రాగానే భార్య బాలమణి అడిగేది: "గా పీనుగులల్ల నువ్వేదయ్యా?"

1989 వేసవిలో, జూబిలీహిల్స్ బండల మధ్య వేసిన ఆ సెట్టులో తీస్తున్నది అహింస గురించిన చిత్రం. అందులో భిక్షం లాఠీ దెబ్బలకు చచ్చిపడాలి. దర్శకుడు సత్యనారాయణమూర్తి మాంసం ముట్టడు. చీమల మీద మందు చల్లనివ్వడు. కూలీలను సైతం 'గారూ' అని పిలుస్తాడు.

"భిక్షంగారూ, ఆ పీచు తీసేయండి. ఉత్తుత్తి దెబ్బలకు జనం ఈలలు వేస్తారు. నిజం దెబ్బ చూస్తేనే హింసంటే రోత పుడుతుంది."

"సార్, నా మొఖం కనబడ్తదా?"

"తెర నిండా కనబడుతుందండీ."

భిక్షం పట్టీ విప్పేశాడు.

పోలీసు వేషంలో లాఠీ పట్టినవాడు పోచయ్య, బాలమణికి అన్న. "జర సోంచాయించురా. సస్తవ్."

"రోజు సస్తనే ఉన్న గద బావా. ఇయ్యాల కొత్తనా? కొట్టు."

మొదటిసారి పోచయ్య చేయి మెత్తబడిందన్నారు. రెండోసారి భిక్షం దెబ్బ పడకముందే ముడుచుకున్నాడన్నారు. మూడోసారి లాఠీ ఆ గుంట మీదే దిగింది. లోపల ఏదో విరిగిన చప్పుడు. నోటివెంట నెత్తురు. అది రంగు కాదని అక్కడున్న అందరికీ తెలుసు. కెమెరాను ఎవరూ ఆపలేదు.

షాటు ముగిశాక దర్శకుడు కన్నీళ్లు తుడుచుకున్నాడు. "అద్భుతం! వీపు చాలు, ముఖం వద్దు. ముఖం లేకపోతేనే ఇతను మనందరూ అవుతాడు."

శవంగా నటించినవాడు లేచి కెమెరాకేసి ఒకసారి నవ్వాలి; కీడు తొలగుతుందని పరిశ్రమ ఆచారం. ఆ నవ్వును ఏ సినిమాలోనూ ఉంచరు. పోచయ్య చంకల్లో చేతులు వేసి లేపాడు. ఎర్రబడ్డ పళ్లతో, ఎదురుగా బాలమణి కూర్చున్నట్టుగా, భిక్షం నవ్వాడు.

భోజనాల వేళకు, సెట్టు గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సత్యనారాయణమూర్తి అందరిచేతా మౌనం పాటింపజేసి, తర్వాతి షాటుకు దీపాలు వేయించాడు.

ఎడిటింగ్ గదిలో, కత్తిరించి పారేసిన ముక్కలతో నిండిన బుట్ట అంచున, జానెడు ఫిలిం వేలాడుతూ ఉంది. దాని ప్రతి గడిలోనూ నిండుగా, నవ్వుతున్న ఒక ముఖం.