డ్రైవరమ్మకు కనిపించిన పసుపు దీపం

అల్లుడుగారితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే: ఆయన మనిషి మాట నమ్మడు, పెట్టె మాట నమ్ముతాడు. జ్వరంగా ఉందని భార్య అంటే ఆమె మొహం కాదు, థర్మామీటరు చూస్తాడు. వాన పడుతోందంటే ఫోను తీసి చూస్తాడు. తడుస్తూ చూస్తాడు.

ఇవాళా అంతే. తన మెకానిక్ షెడ్డుకు వెళ్లబోతూ, అత్తగారైన డ్రైవరమ్మ బాడుగకు తిప్పే కారులోకి తల దూర్చి, స్టీరింగు కింద స్కానరు తగిలించాడు. కారుకు నలతగా ఉంటే లోపలి కంప్యూటరు ఆ జబ్బుకొక కోడు రాసి పెట్టుకుంటుంది. అరచేతిలో ఇమిడే ఈ పెట్టె దాన్ని చదివి పెడుతుంది.

"కోడ్లేం లేవత్తయ్యా."

"నిన్న మధ్యాహ్నం వెలిగిందండీ. పసుపుది, ఇంజను బొమ్మది."

"వెలిగితే కోడుండాలిగా?"

"అది మీ పెట్టెకు తెలియాలి."

ఆయన నిట్టూర్చి వైరు చుట్టుకున్నాడు. మంచివాడే. అత్తగారి టైర్లలో గాలి కూడా తనే చూసుకుంటాడు. కానీ నెలల తరబడి ఇదే వరస. ఆమె దీపం చూశానంటుంది, పొద్దున పెట్టె చూడలేదంటుంది. ఆయన షెడ్డు మూసి వచ్చేసరికి ఆమె పడుకుంటుంది. ఫోటో తీసి చూపిద్దామంటే ఆమెది నొక్కుడు బటన్ల ఫోను. చివరికి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు అద్దాలు మార్చాడు. కొత్త అద్దాల్లోంచి ఆమెకు అదే దీపం ఇంకాస్త స్పష్టంగా కనిపించింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కూతురు మాత్రం ఒక పొద్దున, "ఇవాళ పాపను ఆయన బళ్లో దింపుతార్లేమ్మా" అంది. మర్నాడూ ఆయనే దింపాడు. మనవరాలు కూర్చునే ముందు సీటు ఖాళీగా ఉండిపోయింది. లేని దీపాలు చూసే మనిషి చేతిలో పిల్లను ఎవరు పెడతారు? డ్రైవరమ్మ వారం రోజులు ఆ ఖాళీ సీటుతోనే తిరిగింది. ఆపైన కారు అమ్మేస్తానంది. ఇవాళ సాయంత్రం కొనే అమ్మాయి వస్తుంది.

అయినా బేరాలున్నాయి కాబట్టి బయల్దేరింది. తాళం తిప్పగానే ఎదురుగా దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఒకటొకటిగా ఆరాయి. భర్త పోయాక ఆయన సీట్లోకి జరిగి కూర్చున్న నాటి నుంచి ఈ దీపాలే ఆమెకు తోటికోడళ్లు. బెల్టు దీపం నస పెడుతుంది గానీ మన మంచికే. హ్యాండ్ బ్రేకు దీపం మనం మరిచిపోయిందే ఎత్తిచూపుతుంది. ఎర్రటి ఆయిల్ దీపం మాత్రం ఊరికే నోరు విప్పదు, విప్పిందంటే ఉన్నచోటే బండి ఆపాలి. పసుపువి అంత కంగారుపెట్టవు, వీలు చూసుకుని నా సంగతి కనుక్కోమంటాయి.

మధ్యాహ్నం వంతెన దిగుతుంటే ఇంజను దీపం వెలిగింది. వెనక సీట్లో బట్టల మూటతో దర్జీ ఆవిడ కూర్చునుంది. 'ఇక్కడేమైనా వెలుగుతోందా, చూడండి' అని అడగొచ్చు. డ్రైవరమ్మ అడగలేదు. సాక్ష్యం పిలిస్తే తన మీద తనకే అనుమానం ఉన్నట్టవుతుంది. దీపం వైపు మరోసారి చూసి, "నువ్వున్నావు, నాకు తెలుసు" అంది.

"ఏమన్నారు?" అంది దర్జీ ఆవిడ.

"మీ వీధి వచ్చేసిందంటున్నాను."

సాయంత్రం కొనే అమ్మాయి వచ్చింది. బాగా పొడుగు, మాట తక్కువ. రేపటినుంచి ఈ బండే ఆమె ఉద్యోగం. బేరం దగ్గర ఉండాలని అల్లుడుగారు షెడ్డునుంచి పెందలాడే వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. దీపాలన్నీ ఆరాయి, పసుపుది తప్ప. స్కానరు పెట్టాడు. కోడు పలికింది.

"పెట్రోలు ట్యాంకు ఆవిరి ఎక్కడో పోతోందమ్మా. చిన్న గొట్టం, భయం లేదు. రేపు షెడ్డుకు తీసుకురా, మార్చేస్తాను" అన్నాడు అమ్మాయితో. అత్తగారి వైపు చూడకుండా, "ఇవాళే వచ్చినట్టుంది" అన్నాడు.

"అంతేలెండి" అంది డ్రైవరమ్మ.

డబ్బు చేతులు మారాక అమ్మాయి సీటు సర్దుకుంది. బండి గేటు దాటుతుంటే డ్రైవరమ్మ కిటికీ పక్కన నాలుగడుగులు నడిచింది. "ఎడమ తలుపు కాస్త గట్టిగా వెయ్యాలి. హారను మెత్తన, రెండుసార్లు నొక్కు. రాత్రి బ్యాటరీ వైరు పీకి పెట్టు, మర్చిపోకు!"

బండి మలుపు తిరిగింది. ఆమె వెనక, స్కానరు వైరు చుడుతున్న అల్లుడుగారి చెయ్యి ఆగిపోయింది.

"ఏ వైరత్తయ్యా?"

"బ్యాటరీదండీ. రాత్రి పీకి పొద్దున తగిలిస్తాను. బ్యాటరీ దిగిపోకుండా మీ మామగారు నేర్పారు."

అల్లుడుగారు నుదురు కొట్టుకున్నాడు.

"వైరు పీకితే కంప్యూటరు రాసుకున్నదంతా చెరిగిపోతుందత్తయ్యా. దీపం కూడా ఆరిపోతుంది. నేను రోజూ పొద్దున చూసింది తుడిచిన పలక." పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. "కారు తనకు తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తికాలేదని ఇది రోజూ కింద చూపిస్తూనే ఉంది. ఆ వరస నేను చదవలేదు. మీ కళ్లు బాగానే ఉన్నాయి. చూడంది నేను. తప్పు నాదే."

"కాస్త గట్టిగా అనండి. మీ ఆవిడకు ఈమధ్య చెవులు ఎలా ఉన్నాయో ఏమో."

ఆయన వీధి అటూ ఇటూ చూసి, ఇంటివైపు తిరిగి గొంతెత్తాడు. "ఇదిగో! తప్పు నాదే! అత్తయ్య కళ్లు బాగానే ఉన్నాయి!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి కూతురి గొంతు వచ్చింది. "రేపు పాపను నువ్వే దింపమ్మా. ఆయన బండి తీసుకెళ్లు."

"ఆ అమ్మాయిని వెనక్కి పిలవనా?" అన్నాడు అల్లుడుగారు మెల్లగా.

"వద్దులెండి. సంబరంగా వెళ్లింది పాపం."

ఇద్దరూ గేటు వేసి వచ్చారు. మెట్టు మీద, తన ఎత్తుకు అక్కర్లేదని ఆ పొడుగమ్మాయి సీట్లోంచి తీసి పెట్టిన దిండు ఉంది. గళ్లగుడ్డ వెలిసిపోయి, నడిమధ్యన డ్రైవరమ్మ కూర్చున్నంత మేర గుంటపడి.