పదింతలైన పాట

మధ్యాహ్నం మూడు దాటేసరికి దర్జీ పిన్నికి కాలు ఒకచోట నిలవడం లేదు. నాటకం వాళ్ళు ఆవిడ పాడిన పాట పంపమన్నారు, అదీ నాలుగింటిలోగా, అదీ వేవ్ అనే రకం ఫైలుగానే. పిన్ని ఫోనులో ఉన్నదేమో ఎంపీత్రీ. అక్క కూతురు తెలివిగా ఫైలు పేరు చివర మార్చి పంపితే, "పేరు మారిస్తే చాలదమ్మా, ఫైలే మారాలి" అని నాటకం వాళ్ళ సౌండాయన తిప్పి పంపాడు.

ఇప్పుడు ఇద్దరూ కత్తిరించిన గుడ్డల మధ్య కూర్చుని, ఉచితంగా మార్చిపెట్టే వెబ్‌సైటులో పెరుగుతున్న శాతం అంకెల్నే గుడ్లప్పగించి చూస్తున్నారు. తొంభై. నూరు. నాలుగు ఎంబీల పాట నలభై ఎంబీలైంది.

"పదింతలైందే. ఇంత పెద్దదైందంటే బాగుపడే ఉంటుంది, ఇక ఆ టకటక పోయుంటుంది" అంది పిన్ని. కుట్టుమిషను తొక్కందే ఆవిడకు గొంతు పెగలదు. అందుకే పాట వెనక మొదటినుంచీ మిషను చప్పుడే.

వింటే, టకటక ఎక్కడికీ పోలేదు.

"చెంబు నీళ్ళు గంగాళంలో పోస్తే పెరుగుతాయా పిన్నీ? గిన్నె పెద్దదైంది, అంతే."

నాలుగు కొట్టడానికి ఇంకా ఐదు నిమిషాలే ఉన్నాయి. పిన్ని కళ్ళు మూసుకుని పంపేసింది. కాసేపటికి ఫోను మోగింది.

"పాట మాకు నచ్చిందండీ, రేపు రండి. ఆ తాళం వేసినాయన్ని కూడా వెంటబెట్టుకు రావాలి. ఆయన లేకపోతే పాట నిలవదు" అన్నాడు సౌండాయన.

పిన్ని ఒకసారి మిషను వంక చూసింది.

"తెస్తానండీ. కాకపోతే మోయడానికి ఇద్దరు మనుషుల్ని పంపండి."