అక్కకు మాత్రమే

ఆమె వేడినీళ్ళ తొట్టిలోంచి సీసా తీసి, పసిపిల్ల పాలసీసాలా మణికట్టుకు ఆనించి చూసింది. ఇంకా వేడెక్కలేదు. మళ్ళీ నీళ్ళలో పెట్టింది. సీసా నిండా గులాబీరంగు ద్రవం. కణాలకు అదే తిండి. సీసా మీద ఆమె చేతిరాత: ‘అక్కకు మాత్రమే’.

పరిశోధనశాలలో ఆమెను అందరూ పిన్ని అంటారు. కణాలను పెంచడం ఆమె ఉద్యోగం. సొంత అక్క ప్రాణం తీసిన కణితిలోంచి కోసిన ముక్క కూడా ఆమె చేతికే వచ్చింది.

“నేనెలాగూ ఉండను. దీంతోనైనా ఎవరికో మందు దొరకనీ. తిండి మాత్రం నువ్వే పెట్టాలే,” అంది అప్పట్లో అక్క, ఆసుపత్రి మంచం మీంచి నవ్వుతూ.

మొదట్లో ఆ కణాలది నత్తనడక. ఒక వేసవిలో ఉన్నట్టుండి పుంజుకున్నాయి. “అక్కకు ఒళ్ళొచ్చిందర్రా!” అని ఆమె గదిగదికీ తిరిగి చెప్పింది. అప్పటినుంచీ పొద్దున్నే “పిన్నీ, అక్క తిన్నదా?” అనడం అక్కడ పలకరింపైపోయింది.

ఇవాళ ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మందు పరీక్షలకు ముందు, ఈ కణాలను, అక్క కణితిలోంచే తీసి ఆసుపత్రిలో మైనంలో దాచిన, ఇక పెరగని ముక్కతో పోల్చి చూశారు.

“కలవలేదు పిన్నీ. వీటిలో మగ గుర్తుంది.”

“మా అక్కకు మీసాలెప్పుడొచ్చాయమ్మా?” పిన్ని నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

“మొండోడు పిన్నీ.”

మొండోడంటే పక్క అరలోని కణాలు. ఎవరో మగమనిషివి, కలుపులా పెరుగుతాయి. ఎప్పుడో అక్క ఫ్లాస్కూ వాడి ఫ్లాస్కూ ఒకే బల్ల మీద తెరిచినప్పుడు ఒక చుక్క చింది ఉంటుంది. పక్కవాటిని మింగెయ్యడానికి చుక్క చాలు.

“మరి అక్కవి కొన్ని గడ్డకట్టించి మంచులో దాచామే, అవో?”

“అవీ వాడివే. ఆ వేసవికి ముందు దాచేంత పెరగలేదుగా.”

ఆ వేసవి. అక్క కోలుకుందని తాను ఊరేగిన రోజుకే ఫ్లాస్కులో అక్క లేదు. కోకిల పిల్లను సాకిన కాకిలా ఇన్నేళ్ళూ...

“నేను పారబోయనా పిన్నీ?”

“వద్దమ్మా. తిండి పెట్టిన చెయ్యి నాది.”

ఫ్లాస్కులో బ్లీచింగ్ ద్రవం పోసింది. గులాబీరంగు వెలిసి వెలిసి, ఉత్త నీళ్ళలా అయింది.

“పోయావని నాకెవరూ చెప్పలేదక్కా,” అంది, మెల్లగా.

చేతితొడుగులు విప్పి, దీపం ఆర్పి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

నీళ్ళతొట్టిలో, మూత బిగించిన ‘అక్కకు మాత్రమే’ సీసా అప్పటికి సరిగ్గా ఒంటివేడికి వచ్చింది.