ఉబాల్దీనా పాట

ఇరవై ఏళ్లయినా నిండకుండానే ఉబాల్దీనాకి మూత్రపిండాలు పాడయ్యాయి. మాగ్దలేనా నది ఒడ్డునున్న తమ ఊరి నుంచి తండ్రి ఎవరిస్తో ఆమెను పడవలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇక చేసేదేం లేదని చెప్పించుకుని, అదే పడవలో వెనక్కి తీసుకొచ్చాడు.

ఆ పిల్లకి చావంటే అంత భయం లేదు. ఆమె బెంగ వేరే.

"పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. నువ్వూ నికోలాసత్తా పోయాక, ఉబాల్దీనా అని ఒకతి ఉండేదని ఎవరికి తెలుస్తుంది నాన్నా?" అంది ఊయలలో పడుకుని.

ఎవరిస్తోకి చేపలు పట్టడం వచ్చు, అకార్డియన్ వాయించడం వచ్చు. మరో విద్య రాదు.

"నీ పేరు పాటలో పెడతా. నేను పోయినా పాట పోదే," అన్నాడు.

"ఇంత మోటు పేరు పాటలో ఇముడుతుందా?" అని నవ్విందామె.

ఇమిడింది. పాట పూర్తయ్యేసరికి వినడానికి ఆమె లేదు.

పెళ్లిళ్లలో, జాతరల్లో ఎవరిస్తో ఆ పాట పాడేవాడు. ప్రతి చరణం చివరా ఆమె పేరే. తాగి గోల చేసేవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి తలలు దించుకునేవాళ్లు. అతని దగ్గరే వాయించడం నేర్చుకున్న ఎదిల్సన్ ఓ రోజు వచ్చి, "మాస్టారూ, దీన్ని రికార్డు చేస్తా. దేశమంతా మన ఉబాల్దీనా పేరే పలుకుతుంది," అన్నప్పుడు ఎవరిస్తో వాణ్ణి కావలించుకుని ఏడ్చేశాడు.

పాట రేడియోలో వచ్చిన రోజు అతని చెల్లెలు నికోలాసా చేపలు వేయిస్తోంది. "అన్నయ్యా, మన పాట!" అని కేకేసి రేడియో గొంతు పెంచింది. ఎవరిస్తో పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రాగం అతనిదే. చరణం ముగిసింది. 'కరొలీనా' అంది రేడియో. పొరపాటున విన్నాననుకున్నాడు. రెండో చరణం చివరా కరొలీనాయే.

ఊరి జాతరకి ఎదిల్సన్ కొత్త కారులో వచ్చాడు.

"ఎవర్రా ఆ కరొలీనా?"

"ఎవరూ కాదు మాస్టారూ. ఉబాల్దీనా అంటే ముసలమ్మ పేరులా ఉంది, కుర్రకారు డాన్సు చెయ్యరని కంపెనీవాళ్లు మార్చేశారు. కానీ రాసింది మీరేనని రికార్డు మీద పెద్దక్షరాలతో వేయించా. ఇక మిమ్మల్ని ఎవరూ మర్చిపోరు."

"నన్ను గుర్తుపెట్టుకోమని నిన్నెవడ్రా అడిగాడు?"



ఆ సాయంత్రం ఎవరిస్తో తనే అకార్డియన్ తగిలించుకుని వేదికెక్కాడు. చరణం చివర గుండెలు పగిలేలా 'ఉబాల్దీనా' అన్నాడు. అదే క్షణాన మైదానమంతా ఒక్క గొంతుతో 'కరొలీనా' అంది. అతని గొంతు అతనికే వినపడలేదు.

"పాపం, తాత మాటలు మర్చిపోయినట్టున్నాడే," అంది ముందు వరసలోని పిల్ల పక్కదానితో. ఆ గొంతులో వెటకారమేం లేదు, జాలే.

అతను వాయించడం ఆపేశాడు. మిగిలిన పాట జనమే పాడుకున్నారు.

తర్వాత అతను అకార్డియన్ ముట్టలేదు. ఏళ్లు గడిచాయి. నికోలాసా పోయింది.

ఓ మధ్యాహ్నం కర్రపెండలం చేలో కలుపు తీస్తూ, తెలియకుండానే కూనిరాగం తీస్తున్నాడు. చరణం చివరికొచ్చేసరికి నోట్లోంచి 'కరొలీనా' అని వచ్చింది.

పార పక్కన పడేసి మళ్లీ మొదలెట్టాడు. ఈసారి జాగ్రత్తగా, ఒక్కో మాటా పట్టుకుంటూ వచ్చాడు. మళ్లీ కరొలీనాయే. మూడోసారి పాడడానికి ధైర్యం చాల్లేదు.

మట్టిలో కూలబడి, రాగం లేకుండా, ఉత్త మాటగా పలికాడు: "ఉబాల్దీనా." ఎవరో పరాయి పిల్ల పేరులా వినిపించింది. ఆమె ముఖం తెచ్చుకుందామని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ రాలేదు.