ఆరు దగ్గరి చుక్క

ఆదివారం భోజనాల దగ్గర మా అమ్మాయి కోరిన్ సాసేజీ కోసి నా పళ్ళెంలో వేస్తూ, నా వాచీ ఎక్కడికీ పోలేదనీ, పుట్టినరోజు కానుకగా బాగుచేయించడానికి తనే దాన్ని పైకి పంపిందనీ చెప్పింది. పైకి అంటే కొండల్లో ఉన్న లె సాంటియేకి. ఆ వాచీ తయారైన ఊరు అది. నా ఉద్యోగమంతా గడిచిన ఊరు కూడా.

"అది ఆగిపోయి ఎన్నాళ్ళయిందో నువ్వు నాకు చెప్పనేలేదు నాన్నా. డయల్ కూడా చచ్చిపోయిందట, చీకట్లో వెలగట్లేదట. కొత్త డయల్, కొత్త ముళ్ళు వేస్తామన్నారు. సరేనన్నాను. ఇక తెల్లవారుజామున గంట చూసుకోడానికి నువ్వు దీపం వేసుకోనక్కర్లేదు."

అమ్మాయి మొహం వెలిగిపోతోంది. నేను మంచిపని చేశావన్నాను. లీకు ఉల్లికాడల కూర బాగుందన్నాను, నిజంగానే బాగుంది. ఆ డయల్ మీది చుక్కలు వాళ్ళమ్మ పెట్టినవని మాత్రం చెప్పలేకపోయాను. అది మేం పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేంత సంగతి అని మాకే తోచలేదు. తండ్రి చేతికి వాచీ ఉంటుంది, అంతే. ఇప్పుడు చెబితే ఆ కానుక ఆమె చేతుల్లోనే పగిలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. లొజాన్‌లో చెట్లు చిగుర్లు వేస్తున్నాయి గాని పైన సరస్సు అంచుల్లో ఇంకా మంచు పలకలు తేలుతున్నాయి. నాకు ఒకటే గుబులు. మా వాచీల సంస్థలో ఒకసారి ఊడదీసిన పాత డయల్‌ని తిరిగి ఇవ్వరు. ఆ చుక్కల రంగులో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది కనుక దాన్ని మూత బిగించిన పీపాలో వేసేస్తారు. పీపాలో పడిందంటే ఒదెత్ చేతిపని మరి నాకు కనిపించదు.

ఒదెత్ నా భార్య. పోయి చాలా కాలమైంది. నేను లొజాన్‌లో ఇంజినీరింగు చదువుకుని పరీక్షల విభాగంలో చేరేనాటికి ఆమె రంగులు పెట్టే గదిలో పనిచేస్తోంది. అక్కడ అందరూ ఆడవాళ్ళే. సన్నటి కలంలాంటి దానితో, ఒక్కో గంట గుర్తుకి ఒక్కో చుక్క చొప్పున డయల్ మీద రంగు పెట్టేవారు. ఇప్పటి రంగులా దీపం ముందు పెట్టాక వెలిగేది కాదది. దాని వెలుగు దానిదే, తనలో తాను కాలుతూ రాత్రంతా ఒకేలా ఉండేది. కాకపోతే ఏళ్ళ మీద ఏళ్ళు గడిచేకొద్దీ సన్నగిల్లిపోయేది.

రంగు ఆరాక డయళ్ళు పేర్చిన పళ్ళేన్ని చీకటి గదికి తెచ్చేవారు. వెలుతురులోంచి వచ్చిన కంటికి ఏ డయలైనా వెలగనట్టే ఉంటుంది. కన్ను వెలుతురుని మరిచిపోయేదాకా తలుపు మూసుకుని కూర్చోవాలి. పళ్ళెం తెచ్చినావిడా, పరీక్షించే నేనూ ఇద్దరమూ కూర్చోవాలి. కొందరు జపమాల తిప్పుకునేవారు, కొందరు కునికేవారు. ఒదెత్ మాట్లాడేది. మొదటిసారి నేను బిగుసుకుపోయి కూర్చుంటే, "ఇంజినీరు గారూ, ఊపిరి తీసుకోవచ్చు. వాచీలు ఏమీ అనుకోవు," అంది.

ఆ చలికాలమంతా ఆమె గొంతు విన్నాక గాని ఆమె కళ్ళు ఏ రంగో నేను చూడలేదు. ట్రిటియంతో పనిచేసేవాళ్ళు నెలనెలా పరీక్ష కోసం నర్సుకి మూత్రం సీసా ఇవ్వాలి. ఓసారి సీసా పట్టుకుని వరసలో నిలబడి ఉండగా నేను ఎదురుపడ్డాను. అందరూ వినేట్టు, "ఆశపడకండి, షాంపేను కాదు," అంది. నడవా అంతా నవ్వింది. నేను మాత్రం ఆ సాయంత్రమే ఆమెను సరస్సు ఒడ్డుకి రమ్మని అడిగాను.

ఆమెకొక పంతం ఉండేది. అందరూ పన్నెండు దగ్గర మొదలుపెడితే ఆమె ఆరు దగ్గర మొదలుపెట్టేది. వాళ్ళమ్మ వంటింటి బల్ల మీద అలారం గడియారాలకి రంగు వేసేదట. మనం లేచేది ఆరింటికి, ముందు అదే వెలగాలి అనేదట. పైఅధికారిణి చెప్పి చెప్పి వదిలేసింది. కలంలో ఒకసారి నింపిన రంగుతోనే డయల్ అంతా పూర్తిచేస్తారు కాబట్టి మొదటి చుక్కకి రంగు ఎక్కువ అందుతుంది. పోను పోను పలచబడుతుంది. పరీక్షకి అది అడ్డొచ్చేంత తేడా కాదు. కానీ చీకట్లో ఆరు కాస్త లావుగా కనిపిస్తే ఆ పళ్ళెం ఎవరిదో నాకు తెలిసిపోయేది. మా పెళ్ళికి సిబ్బంది ధరకి నేను కొనుక్కున్న వాచీ డయల్‌కి, భోజన విరామంలో అనుమతి అడిగి, ఆమే రంగు పెట్టింది.

లె సాంటియేలో రైలు దిగి వెళ్తే, సంస్థ కార్యాలయం ముందు గదిలో నన్ను కూర్చోమన్నారు. కాసేపటికి జోజియాన్ కిందికి దిగి వచ్చింది. ఒదెత్ దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు డయళ్ళ విభాగానికి పెద్ద. జుట్టు నెరిసింది.

"మీరు వస్తారనుకున్నాను జాకో గారూ. పెట్టె తెరవగానే ఆరు చూశాను. ఇంకెవరిదవుతుంది?"

డయల్ ఇంకా ఊడదీయలేదనీ, ఆ వాచీని తన సొరుగులోనే వెనక్కి నెడుతూ వచ్చాననీ చెప్పింది. డయల్ అలాగే ఉంచి లోపలి యంత్రం మాత్రం బాగుచెయ్యమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"రూలు ఒప్పుకోదండీ. చీకటికి అలవాటుపడిన కంటికి గంట తెలియని వాచీ మన ముద్రతో బయటికి వెళ్ళకూడదు. అది రాసిందెవరో మీకు గుర్తుందా?"

గుర్తుంది. రాసింది నేనే. నీళ్ళ కింద ఆ వాచీ చూసుకుని ఊపిరి లెక్కపెట్టుకునేవాళ్ళు ఉంటారని రాశాను. ఇప్పటికీ అది సరైన మాటే.

ముద్ర లేకుండా బాగుచేయరు. ఆ వాచీకి కావలసిన భాగాలు బయట ఎవరి దగ్గరా దొరకవు. అంటే ఒదెత్ చుక్కలు కావాలంటే ఆగిపోయిన వాచీనే తీసుకెళ్ళాలి, నడిచే వాచీ కావాలంటే చుక్కలు వదులుకోవాలి. ఆగిపోయిన వాచీతో ఇంటికి వెళ్తే కోరిన్‌కి ఏం చెప్పను?

నా మనసు మళ్ళించాలనేమో, జోజియాన్ కొత్త డయల్ తెచ్చి దీపం కింద పెట్టి తన అరచేతుల గుడారంలో చూపించింది. లేత గడ్డి రంగులో భగ్గుమంది. అందంగా లేదని అనలేను. ఇలాంటివి మొదట వచ్చినప్పుడు ఒదెత్, "సారాకొట్టు బోర్డులా ఉంది. పక్కన పడుకున్నవాళ్ళని లేపకుండా గంట చెప్పాలి గాని," అంది. ఆ మాట జోజియాన్‌కీ గుర్తున్నట్టుంది, నా మొహం చూసి నవ్వేసింది.

అప్పుడు అడిగాను, పాతదాన్ని ఎలా పరీక్షించారని. ఇప్పుడు పరీక్షకి ఒక నల్లపెట్టె ఉందనీ, దాని రంధ్రానికి కన్ను ఆనించి చూస్తారనీ చెప్పింది.

"ఎంతసేపు కూర్చున్నారు?"

"ఇప్పుడెవరు కూర్చుంటారండీ? కొత్తవి అలా పెట్టగానే మండుతాయి. ఇది మండలేదు, వెలుగు లేదని రాసేశారు." అని ఆగిపోయింది. తన మాట తనకే వినిపించినట్టుంది. "అలవాటుపడిన కన్ను," అంది మెల్లగా.

చీకటి గది ఇప్పుడు అట్టపెట్టెల గది అయింది. తలుపు మాత్రం అదే, గుమ్మానికి నల్లగుడ్డ అంచు కూడా అలాగే ఉంది. జోజియాన్ వాచీ తెచ్చి పెట్టెల మీద పెట్టి తలుపు మూసింది. ఇద్దరం చెరో పెట్టె మీద కూర్చున్నాం.

ఇంట్లో అది వెలగడం మానేసిందని నేనూ నమ్మాను. అప్పుడు తోచింది, నేను కూడా ఎన్నడూ కూర్చోలేదని. ఒదెత్ పోయిన దగ్గర్నుంచి నడవాలో దీపం ఆర్పకుండా పడుకుంటున్నాను. మా ఇంట్లో చీకటి లేదు.

జోజియాన్ తను నేర్చుకునే రోజుల్లో చుక్క పక్కకి జారితే ఒదెత్ తిట్టకుండా, "ఈ ఊళ్ళో గంట కొంచెం ముందే కొడుతుంది కాబోలు," అనేదని చెప్పింది. మాటల మధ్యలో ఎప్పుడో నాకు ఆరు దగ్గర ఏదో ఉన్నట్టు అనిపించింది. తిన్నగా చూస్తే పోయింది. కాస్త పక్కకి చూస్తే మళ్ళీ వచ్చింది. అద్దం మీద ఊపిరి తగిలినంత.

"మీకేమైనా కనిపిస్తోందా?" అన్నాను.

"అన్నీ," అంది జోజియాన్. కాసేపాగి గంట కూడా చెప్పింది.

తలుపు తెరిచి చూస్తే ముళ్ళు ఆమె చెప్పినచోటే ఉన్నాయి. కానీ ఆగిపోయిన వాచీ అది. ముళ్ళు ఎక్కడున్నాయో ఆమె ముందే చూసి ఉండొచ్చు. నేను అడగలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, అవి వెలుతురుకి మండుతున్నాయంది. పాత డయల్ పరీక్షలో నెగ్గిందని కోరిన్‌కి తనే ఫోన్ చేసి చెబుతానంది. నేను ఆమె చేయి ఒకసారి పట్టుకుని రైలుకి వెళ్ళిపోయాను.

వాచీ తిరిగి వచ్చిన రోజు కోరిన్ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది. పెట్టె తెరిచి చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తోందని సంతోషించింది. తర్వాత కిటికీ తెర మూసి డయల్ చూసింది. మొహం ముడుచుకుపోయింది.

"ఇదెక్కడ నెగ్గింది నాన్నా? బొగ్గులా ఉంది. పెద్దవాళ్ళని చూసి ఏదో ఒకటి చెప్పేశారు. నేను వాళ్ళకి రాస్తాను."

రాయొద్దన్నాను. నాతో రమ్మని నడవాలోకి తీసుకెళ్ళి కోట్లు తగిలించే అల్మారా తెరిచాను. నిలబడడానికి ఇద్దరికి చోటుంటుంది. లోపలికి వెళ్ళే ముందు నడవా దీపం ఆర్పాను. ఆమె ఆ దీపాన్నీ నన్నూ చూసింది.

"ఎవరైనా చూస్తే మనిద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్తారు," అంది తలుపు మూసుకున్నాక. నాఫ్తలీను ఉండల వాసన వేస్తోందనీ, నడుములో గొడుగు గుచ్చుకుంటోందనీ సణిగింది. ఇంకా ఎంతసేపని అడిగింది. కన్ను మరిచిపోయేదాకా అన్నాను.

చీకట్లో చెప్పడం తేలికైంది. చీకటి గది గురించి, సీసా గురించి, సరస్సు ఒడ్డు గురించి చెప్పాను. ఈ చుక్కలు మీ అమ్మ పెట్టినవని కూడా చెప్పాను. గొడుగు కదలడం ఆగింది.

"పంపేముందు నాకు తెలియదు నాన్నా."

"నీకెలా తెలుస్తుందమ్మా. మేం చెప్పలేదుగా."

నా కంటికి ఈసారి కూడా ఆరు ఒక్కటే అందింది. ఆమె మెడ వాచీ మీదకి వంగినట్టు నా భుజానికి తెలిసింది. వాళ్ళమ్మ ఏ అంకె దగ్గర మొదలుపెట్టేదో నేను ఇంకా చెప్పలేదు.

"ఆరు," అంది కోరిన్. "అదే ముందు కనిపించింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది కూడా."

చుక్కచుక్కకీ వెలుగు తగ్గుతున్నకొద్దీ ఆమె గొంతు కూడా తగ్గుతూ వచ్చింది. పన్నెండు దాటి, ఒకటి, రెండు అంటూ వాళ్ళమ్మ చేయి వెళ్ళిన దారినే కిందికి దిగింది. నాలుగు దగ్గర తడబడింది. ఆ తర్వాత ఆగిపోయింది.

"ఉంది నాన్నా," అంది. "ఐదు కూడా ఉంది."