సిరిల్ ఎడమ జేబు

సిరిల్ లార్టర్ తన ఎడమ జేబులో ఏదో వేసుకోవడం క్లెమెంట్ థర్కెటిల్ కళ్ళారా చూశాడు. అదీ ఎలా? వీపు ఇటు తిప్పి, గుంట పూడ్చి, పైన మట్టిపెళ్ళను బూటుతో అదిమి, ఏమీ ఎరగనివాడిలా, నేలలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ ఊపుకుంటూ ముందుకు సాగాడు. బార్లీ కోసేసిన పొలం. ఎలుక పరిగెత్తినా కనిపించే మోళ్ళు. పట్టపగలు.

"ఒరే సిరిల్! ఏం దొరికిందిరా?" అని క్లెమెంట్ కేకేశాడు.

సిరిల్ పలకలేదు. హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుని ఉన్నాడు కూడా. వినిపించీ వినిపించనట్టు నటిస్తున్నాడని క్లెమెంట్‌కు రూఢి అయింది. తప్పు చేసినవాడికి అలాంటి చెవుడు అవసరానికి వస్తుందని అతని నమ్మకం.

ఈ ఒక్కరోజు సంగతైతే పోనీలే అనుకునేవాడు. వేసవి మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉంది. టీ వేళకు క్లెమెంట్ పాత జీపు బానెట్ మీద తువ్వాలు పరిచి, దొరికినవన్నీ దాని మీద పెట్టాలి. బొత్తామైనా సరే, రోమన్ల నాటి కంచు ముక్కైనా సరే. ఆ తర్వాతే ఫ్లాస్కు మూత తీయాలి. ఏళ్ళ తరబడి ఈ పద్ధతి తప్పలేదు. ఇప్పుడు మాత్రం క్లెమెంట్ వైపు పాతకాలపు పెన్నీలనే వెండి నాణేలు మెరుస్తుంటే, సిరిల్ వైపు తువ్వాలు వెలవెలబోతోంది. "ఇవాళా ఏం లేదురా" అంటూ చీజ్ శాండ్‌విచ్ కొరుకుతాడు. అదే నేల, అదే రకం యంత్రం. పైగా క్లెమెంట్ కన్నా ఎక్కువ గుంటలు తవ్వుతున్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టాడనుకుందామంటే ఆ ఎలుకైనా తువ్వాలు మీదికి రావాలి కదా!

స్నేహితుడి మీద అనుమానం ఒక బాధ. పొలం పోతుందన్న భయం అంతకన్నా పెద్ద బాధ. వాళ్ళు వెతికే ఈ చాపెల్ చెక్క లాంటి పొలం ఇంగ్లండులోని నార్ఫోక్ జిల్లా మొత్తం గాలించినా ఇంకొకటి దొరకదు. అడుగున రోమన్ల ఇల్లు, దాని పైన వందల ఏళ్ళ నాడు సంత జరిగిన చోటు. దాని యజమానురాలు మిసెస్ గుడరమ్ ఎవర్నీ పడితే వాళ్ళను రానిచ్చే మనిషి కాదు. వీళ్ళకు ముందు వచ్చినవాళ్ళు ఏదో దాచారని తెలిసి, మళ్ళీ గేటు ఛాయలకు రాకుండా తరిమింది. వీళ్ళకు తాళం చెవి ఇస్తూ ఒకే మాట చెప్పింది: "నా మట్టిలోంచి వచ్చింది ముందు నా కళ్ళ పడాలి. ఒకడు దాస్తే ఇద్దరూ బయటికే." అంటే సిరిల్ పట్టుబడితే క్లెమెంటూ పోతాడు. తానే పట్టిస్తే తానొక్కడైనా మిగలొచ్చు. ఈ ఆలోచన వచ్చినందుకు క్లెమెంట్‌కు సిగ్గేసింది గానీ, ఆలోచన మాత్రం పోలేదు.

అందులోంచే ఒక వంకర ఉపాయం పుట్టింది. ఎడ్వర్డ్ రాజు కాలం నాటి వెండి పెన్నీ ఒకటి అతని ఇంట్లో, గాజు పెట్టెలో ఉంది. ఎప్పుడో వేరే ఊరి పొలంలో దొరికింది. మర్నాడు సిరిల్ రాకముందే వచ్చి, విరిగిన కంచె గుంజకు ఎదురుగా, పొలంలో సిరిల్ వంతుకు వచ్చిన వరసలో, బెత్తెడు లోతున దాన్ని పాతిపెట్టాడు. నిజాయతీపరుడైతే టీ వేళకు తువ్వాలు మీద పెడతాడు, పెట్టకపోతే దొంగ. మూడో దారి ఒకటి ఉండొచ్చని ఆ మేధావికి తట్టలేదు.

సిరిల్ వచ్చాడు. గుంజ దాకా నడిచాడు. ఆగాడు. యంత్రాన్ని అటూ ఇటూ ఊపి, మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు. ఏదో తీసి చూసుకుని, ఎడమ జేబులో వేసుకున్నాడు. దూరం నుంచి చూస్తున్న క్లెమెంట్‌కు గుండె ఝల్లుమంది. నిజం చెప్పాలంటే ఆ ఝల్లులో కాస్త సంతోషం కూడా ఉంది.

టీ వేళకు సిరిల్ తువ్వాలు మీద సగం విరిగిన బెల్టు బకిల్ ఒకటి పెట్టాడు.

"అంతేనా?" అన్నాడు క్లెమెంట్.

"ఊఁ?"

"అంతేనా అంటున్నా!"

"అంతేరా. నా జాతకం ఈ ఏడు బాగాలేదు."

"గుంజ దగ్గర మోకాళ్ళేసి మరీ తవ్వావు?"

సిరిల్ ముఖం ఎర్రబడింది. చెయ్యి దానంతట అదే ఎడమ జేబు మీదికి పోయింది. "తుప్పురా. ఒట్టి తుప్పు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. 'ఏదీ, జేబు చూపించరా' అన్న మాట క్లెమెంట్ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ ఊళ్ళలో మగవాళ్ళు అలాంటి మాట ముఖం మీద అనరు. వెనకగా వెళ్ళి ఇంకొకరికి చెబుతారు. క్లెమెంట్ అదే చేశాడు.

మిసెస్ గుడరమ్ రబ్బరు బూట్లు తొడుక్కుని, కుక్కను వెంటబెట్టుకుని వచ్చింది.

"సిరిల్, ఆ జేబులో ఏముందో చూపించు."

సిరిల్ ఆమె పెదాల వంక చూశాడు. ఆమె జేబు వైపు వేలు పెట్టి చూపించాక అర్థమైంది. తల దించుకుని జేబు ఖాళీ చేశాడు. తుప్పు పట్టిన మేకులు, గుర్రపు నాడా ముక్క, నలిగిన రేకు, పేలిపోయిన తూటాల అడుగులు. అంతే.

"ఈ చెత్త దాచుకోవడం దేనికయ్యా?"

"చూపించడానికి సిగ్గేసిందమ్మా. మళ్ళీ నేలలో వదలకూడదు గదా, ఇంటికి తీసుకుపోయి పారేస్తున్నా."

"మరి నాణెం ఏదిరా?" అని క్లెమెంట్ అరిచాడు.

"ఏ నాణెం?"

"ఏ నాణెమేంటి! పొద్దున నేను పాతిపెట్టిన నాణెం!"

మాట నోరు జారింది. మిసెస్ గుడరమ్ మెల్లగా అతని వైపు తిరిగింది. "ఏం పాతిపెట్టావు? ఎక్కడ?"

ముగ్గురూ గుంజ దగ్గరికి నడిచారు. క్లెమెంట్ హెడ్‌ఫోన్స్ పీకేసి, యంత్రాన్ని పైకే మోగనిచ్చి, సిరిల్ పూడ్చిన గుంట మీద ఊపాడు. ఏమీ లేదు. జానెడు పక్కకు జరిపాడు. యంత్రం కీచుమంది. కుక్క చెవులు వెనక్కి వాల్చింది. మిసెస్ గుడరమ్ ముఖం చిట్లించింది.

సిరిల్ మాత్రం వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

"మోగుతోందా?" అని అడిగాడు.

ఇనుము, రేకు లాంటి చెత్తకు ఆ యంత్రం గుర్రుమంటుంది, వెండికి సన్నగా కీచుమంటుంది. ఇన్నాళ్ళూ సిరిల్ గుర్రుమన్నవన్నీ తవ్వుకుంటూ, కీచుమన్నవన్నీ దాటిపోయాడు. ఇదంతా క్లెమెంట్‌కు ఒక్కసారిగా అర్థమైంది.

"సన్నటి చప్పుళ్ళు పోయాయిరా," అన్నాడు సిరిల్. "పిట్టలు కూడా వినిపించట్లా. చెప్తే, ఈ చెవిటోడితో ఎందుకొచ్చిన గొడవని ఇంకొకణ్ణి చూసుకుంటావని భయమేసింది."

క్లెమెంట్ నాణెం తవ్వి తీశాడు. మిసెస్ గుడరమ్ దాన్ని ముట్టుకోలేదు.

"ఇతను నా నేలలోంచి దొంగిలించింది ఏమీ లేదు," అంది. "లేనిది తెచ్చి పెట్టింది నువ్వు. ఏది ఎక్కడ దొరికిందో నీ నోటి మాట నమ్మి, దొరికినవి రాసుకోవడానికి వచ్చే మ్యూజియం అమ్మాయి నా పొలం పటం మీద చుక్కలు పెట్టిందే. అందులో నువ్వు పాతినవి ఎన్ని?"

"ఒట్టమ్మా, ఇదొక్కటే. ఇవాళే."

"దొరికిపోయింది ఇవాళ. ఏమయ్యా, ఇకనుంచి ఏ చుక్కను నమ్మమంటావు నన్ను?" ఆమె చెయ్యి చాపింది. క్లెమెంట్ గేటు తాళం చెవి ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని సిరిల్‌కు ఇచ్చింది. "నీ ఇష్టం వచ్చినప్పుడు నువ్వు రా సిరిల్. ఇతను రాకూడదు."

సిరిల్ తాళం చెవిని చూసుకుంటూ నిలబడ్డాడు. వినగలిగినవాడికి పొలం లేదు, పొలం ఉన్నవాడికి వినపడదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక క్లెమెంట్ తువ్వాలు మడత పెట్టాడు.

జీపు ఎక్కబోతూ సిరిల్ ఆగాడు.

"ఒరే, ఒక మాట అడుగుతా. మా ఆవిడ చనిపోయిన ఏడు, నడుం నొప్పని చెప్పి నీ వరస నాకిచ్చావు గుర్తుందా? ఆ వరసలోనే గదా నాకు ఆ రోమన్ బ్రోచ్ దొరికింది, బట్టలకు పెట్టుకునే నీలం రాయి పిన్ను. అక్కడే కూర్చుని ఏడ్చాను. నా బతుకులో అంత మంచిది ఇంకోటి దొరకలేదు." తాళం చెవిని వేళ్ళ మధ్య తిప్పాడు. "అదీ నువ్వే పెట్టావా?"

"లేదురా. దేవుడి తోడు. అది ఆ నేలదే."

"నా మీద జాలితో పెట్టుంటే చెప్పెయ్. ఏమనుకోను."

"లేదంటున్నా గదరా."

సిరిల్ అతని పెదాలకేసే చూస్తున్నాడు. మాట అందలేదో, అందినా నమ్మలేదో తెలియలేదు. క్లెమెంట్ ఈసారి గొంతెత్తి, పొలమంతా వినిపించేలా, "నేను పెట్టలేదు!" అన్నాడు. అంత గట్టిగా అనేసరికి అది అతని చెవులకే అబద్ధంలా వినిపించింది.