విరగని కుర్చీ

మూకీ సినిమాలు తీసే ఆ షెడ్డులో దుస్తులు కుట్టే ఆవిడకి కొడుకు కిందపడతాడేమోనని పొద్దస్తమానం హడలే. కొడుక్కి మాత్రం కిందపడటమే కావాలి. ఆ రోజు కెమెరా ముందు నవ్వొచ్చేలా చేస్తే హాస్యగాడిగా నెలజీతం మీద పెట్టుకుంటానన్నాడు డైరెక్టరు. నవ్వు రాకపోతే ఇంటికే.

"నడుం విరిగాక ఆ జీతం ఏం చేసుకుంటావురా?" అందావిడ.

"పడటానికీ ఓ పద్ధతుందమ్మా. ముందు పిరుదులు, తర్వాత వీపు. తల ఆనకూడదు."

"మెట్ల మీంచి జారిన రోజు మీ నాన్న కూడా ఇంత ధీమాగానే ఉన్నారు."

"నాన్న జారింది ఒక్క మెట్టేగా."

"కింది మెట్టు కాబట్టి బతికిపోయారు."

కూర్చోగానే విరగాలని వడ్రంగి కుర్చీ కాళ్ళు నాలుగూ రంపంతో సగానికి పైగా కోసిపెట్టి, భోజనానికి వెళ్ళాడు. ఆ కోతలు చూసేసరికి ఆవిడకి కాళ్ళు చేతులు ఆడలేదు. కాసేపటికి ఆడాయి. కోసిన చోటల్లా రేకు చుట్టి మేకులు దిగ్గొట్టింది. అతుకులు కనబడకుండా ఓ పాత పూల గౌను కుర్చీకి తొడిగేసింది.

కెమెరా మనిషి హ్యాండిల్ తిప్పసాగాడు. మాటలు వినబడని సినిమా గనక డైరెక్టరు పక్కనుంచి అరుస్తూనే ఉన్నాడు.

"కూర్చో. ఊఁ, పడు."

అబ్బాయి కూర్చున్నాడు. కుర్చీ చెక్కుచెదరలేదు. లేచి, ఎగిరి మరీ కూర్చున్నాడు. గౌను అంచు కాస్త ఎత్తి కిందికి తొంగిచూశాడు. ఆఖరికి కుర్చీ గడ్డం పట్టుకున్నట్టు దాని చెయ్యి పట్టుకుని బతిమాలాడు.

"పడటం కూడా చేతకాదట్రా నీకు?" అంటూ డైరెక్టరు తనే వచ్చి తన భారీకాయంతో ధబీమని కూలబడ్డాడు. కుర్చీకేం కాలేదు. కింద చెక్కనేల ఫెళ్ళుమంది. కుర్చీతో సహా మెడదాకా దిగిపోయాడు.

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, తమరి నడుం..."

"బానే ఉంది. ఎవరు బిగించారిది?"

"నేనేనండి. మావాడు పడకూడదని."

గొయ్యిలోంచి తల తిప్పి చూశాడు డైరెక్టరు. లైట్ల దగ్గరివాళ్ళు కడుపులు పట్టుకుని నేలమీద దొర్లుతున్నారు. కెమెరా మనిషి నవ్వలేక ఏడుస్తూ, హ్యాండిల్ మాత్రం ఆపలేదు.

"పైకి అరిచానుగానీ, కుర్చీని బతిమాలుతుంటే మీవాడి మొహం చూసి లోపల నాకే నవ్వాగలేదు. ఉద్యోగం వాడిదే. ముందు నన్ను పైకి లాగండి."

కొడుకు మొహం వెలిగిపోయింది. తల్లి మొహం పాలిపోయింది. ఒక్కసారి పడకుండా ఆపబోతే రోజూ పడే ఉద్యోగం వచ్చి నెత్తిన కూర్చుంది.

"రేపేం సీనండి?" అంది నీరసంగా.

"నిచ్చెన మీంచి జారడం."

"కింది మెట్టు మీంచేగా అండి?" అంది, సుత్తి కోసం వెతుక్కుంటూ.